తప్పెటగుళ్ళకు పదిహేను నిమిషాలు

ఈ సింగపూరులో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఏమీ రాయమని అడగలేదు. మా తెలుగు సంఘం ఉగాది సంచికకు పచ్చళ్ళ గురించి ఒకావిడను అడిగారు. షేర్ల గురించి ఒకాయనను అడిగారు. నడుంనొప్పి రాకుండా ఎలా కూర్చోవాలో రాయమని ఒక డాక్టరును అడిగారు. ఆయన పళ్ళ డాక్టరు. నన్ను మాత్రం అడగలేదు.

ఈ ఏడు ఎవరో రాస్తానన్న వ్యాసం ఎగ్గొట్టారట. నాలుగు పేజీలు ఖాళీ పడ్డాయట. కార్యదర్శి ఫోన్ చేశాడు.

"అంకుల్, మీరు ఆఫ్రికాలో వర్క్ చేశారంట కదా. లయన్స్ గురించి ఏదైనా రాసివ్వండి. కిడ్స్ ఇష్టపడతారు."

నేను ఆఫ్రికాలో ఆరేళ్ళు ఉన్నాను. ఒక్క సింహాన్నీ చూడలేదు. నేను చూసింది ఒక హెడ్మాస్టరును. ఆయన గురించే రాస్తాను. దారిలో మా సంఘం గురించి కూడా ఒకటి రెండు మాటలు వస్తాయి. వాటిని కొట్టేసేటట్టయితే మిగతాది కూడా వేయవద్దని మనవి.

అది టాంజానియా దక్షిణాన, ఎర్రమట్టి రోడ్డు చివర ఉన్న హైస్కూలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. లెక్కలు చెప్పేవాళ్ళు చాలక మన దేశం నుంచి పిలిపించుకునేవారు. అలా వెళ్ళినవాళ్ళలో విజయనగరం దగ్గర పల్లె నుంచి నేనొకణ్ణి. చుట్టూ జీడితోటలు. మా ఉత్తరాంధ్రలో ఉండేవే. ఎండా అదే, మట్టీ అదే, జీడిపిక్కల పొగ వాసనా అదే. అంత దూరం ఎందుకొచ్చానా అనిపించేది.

మొదటి రోజే నాకు ఆ బడితో పేచీ వచ్చింది. అక్కడ గంట లేదు. ఉండేది, పాత మిషన్ వాళ్ళు వదిలి వెళ్ళిన కంచు గంట. దాన్ని సామాన్ల గదిలో పారల పక్కన పెట్టేశారు. పీరియడ్ అయిపోతే డోలు కొట్టేవారు. కొట్టేది బడిలో వంట చేసే ఆవిడ. మనిషి భారీ, చెయ్యి ఇంకా భారీ. ఆవిడకు పీరియడ్ అయిపోయిందని చెప్పి ఊరుకోవడం చేతకాదు. ఆరోజు బీన్స్ బాగా ఉడికితే ఒక దరువు, మనవడికి జ్వరం తగ్గితే ఇంకో దరువు. ఆ దరువు మొదలవగానే పిల్లల కాళ్ళు బెంచీల కింద ఆడేవి. నా బీజగణితం అక్కడితో సరి. పీరియడ్‌కి మూడు నిమిషాలు పోయేవి. వారానికి ఎంత పోతుందో లెక్కగట్టి హెడ్మాస్టరుకు ఉత్తరం రాశాను.

మర్నాడు పొద్దున్న నా బల్ల మీద జవాబు ఉంది. ఆకుపచ్చ సిరాతో, పేజీకి రెండు వైపులా.

"మ్వాలిము" అని మొదలుపెట్టాడు. పంతులుగారూ అని అర్థం. "నాకు పదేళ్ళప్పుడు ఇదే బడిలో, ఆ కంచు గంట కింద నన్ను నిలబెట్టి మూడు దెబ్బలు కొట్టారు. ముందురోజు మా మేనమామ పెళ్ళిలో డోలు దగ్గర ఆడినందుకు. డోలు అంటే అనాగరికం అని చెప్పారు. ఏ చప్పుడు విన్నందుకు నన్ను కొట్టారో ఆ చప్పుడుతోనే ఈ బడి నడపాలని నేను హెడ్మాస్టరునయ్యాను. మీ మూడు నిమిషాల విషయం నాకు అర్థమైంది. ఆవిడతో మాట్లాడతాను. ఆవిడ వినదు."

ఆవిడ వినలేదు. కానీ జవాబు వచ్చింది. ఈ విషయం పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఆ ఆరేళ్ళలో ఆయనకు నలభై ఒక్క ఉత్తరాలు రాశాను. కుర్చీ కాలు గురించి రాశాను, సుద్దముక్కల గురించి రాశాను, నా సైకిలు మీద కోడి పడుకోవడం గురించి రెండుసార్లు రాశాను. నలభై ఒక్క జవాబులు వచ్చాయి. దాదాపు అన్నింటిలోనూ నేను అడిగింది కుదరదనే ఉంది. అయినా మడతపెట్టి, పైన నా పేరు రాసి, నా బల్ల మీద పెట్టేవాడు.

రెండో ఏడు తల్లిదండ్రుల సభ ఏర్పాట్లు నాకు అప్పగించారు. ఇద్దరు పిల్లల చేత మంచు గురించిన ఇంగ్లీషు పద్యం ఒకటి కంఠతా పట్టించాను. నేను చదువుకున్నప్పుడు మా చేతా అదే పట్టించారు. హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చుని విన్నాడు.

"పంతులుగారూ, మీరు మంచు చూశారా?"

"మిషన్ ఆసుపత్రి ఫ్రిజ్‌లో చూశాను."

"ఈ పిల్లలు?"

"వాళ్ళకి ఆసుపత్రిలో పని పడలేదు."

"మా దేశం ఉత్తరాన ఒక పెద్ద కొండ ఉంది. దాని నెత్తి మీద మంచు ఉంటుంది. మంచే కావాలంటే దాని మీద రాయించండి. పరాయివాళ్ళ పెరట్లో పడ్డ మంచుకు మనం ఎందుకు వణకాలి?"

పద్యం పోయింది. రెండు వారాల నా శ్రమ పోయింది. దానికీ ఒక ఉత్తరం రాశాను, దానికీ జవాబు వచ్చింది. పద్యం బదులు పిల్లలే స్వాహిలీలో ఒక నాటకం కట్టుకుంటారని అందులో ఉంది. దేని మీద అని అడిగితే, "మన బడి మీదే" అన్నాడు.

సభ రోజున ఊరు ఊరంతా వచ్చింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నాటకంలో ఒక కుర్రాడు జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, చంకలో గొడుగు ఇరికించుకుని వచ్చాడు. వానాకాలం కాదు. వాడు వచ్చీ రాగానే ఒక మేకకు ఉత్తరం రాశాడు. తరవాత మామిడిచెట్టుకు రాశాడు. తరవాత ఆకాశం వైపు చూసి సూర్యుడికి రాశాడు. ప్రతి ఉత్తరం కింద వాడు సంతకం పెడుతుంటే వంటావిడ డోలు మీద ఒక దెబ్బ వేసింది. జనం కింద పడి దొర్లారు. అది ఎవరో నాకు మూడో సంతకం దాకా తెలియలేదు. నా గొడుగు చంకలోంచి తీసి కుర్చీ కింద పెట్టుకున్నాను. అది చూసి ఇంకా నవ్వారు.

ఆ పూట అన్నం తినలేదు. నాలుగు పేజీల ఉత్తరం రాశాను. జవాబు ఇలా ఉంది:

"మ్వాలిము, నేను చదువుకునేటప్పుడు మా ప్రిన్సిపాలు తెల్లదొర. ఆయన నడక మాకందరికీ వచ్చు. ఆ నడక ఎక్కడ నడిచి చూపించేవాళ్ళమో తెలుసా? జీడితోటలో, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు. నిన్న మా పిల్లలు మీ నడక మీ ముందే నడిచారు. స్వాతంత్ర్యం వచ్చిందని నాకు నమ్మకం కలిగింది నిన్ననే. దొరను ఎవరూ ఎదురుగా వెక్కిరించరు. ఇంట్లో మనిషినే వెక్కిరిస్తారు. మీరు కోప్పడండి, తప్పులేదు. అన్నట్టు మీ గొడుగు మా వాడి గొడుగు కంటే బాగుంది. వచ్చే ఏడు అరువివ్వగలరా?"

ఇవ్వలేదు.

ఆ సాయంత్రం టీకి పిలిచాడు. వాళ్ళ భాషలో డోలుకూ పాటకూ ఆటకూ కలిపి ఒకటే మాట ఉందని, వాటిని విడదీయడం వాళ్ళకు బడిలోనే నేర్పారని చెప్పాడు. ఉన్నట్టుండి, "మీ ఊళ్ళో దేని మీద కొడతారు?" అని అడిగాడు.

మా ఊళ్ళో తప్పెటగుళ్ళు ఉండేవి. గుండె మీద రెండు రేకు గుళ్ళు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. ఆట జోరెక్కితే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడి కూడా వాయిస్తారు. ఎనిమిదేళ్ళప్పుడు ఒక బృందం వెనక పక్క ఊరి దాకా వెళ్ళిపోయాను. మా నాన్న వెతుక్కుంటూ వచ్చి, చెవి మెలేసి, ఇంటికి తెచ్చి లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టాడు. "గొర్రెలు కాసేవాళ్ళ ఆట అది. దాని వెనక తిరిగితే నువ్వూ గొర్రెలే కాస్తావు" అన్నాడు.

హెడ్మాస్టరుతో నేను, "మా ఊళ్ళో అలాంటివేమీ లేవు. మా వాళ్ళది చదువు మీద శ్రద్ధ" అన్నాను.

ఆయన కెటిల్ అందుకున్నాడు. నా కప్పులో ఇంకొంచెం టీ పోశాడు. "అయ్యో" అన్నాడు.

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోను, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ 'అయ్యో' లాంటిది ఇంకోటి లేదు. దాని మీద ఫిర్యాదు చేయడానికి కూడా లేదు. అబద్ధం ఆడింది నేను. నలభై రెండో ఉత్తరం రాసి నిజం చెప్పవచ్చు. రాద్దాం రాద్దాం అనుకుంటూనే తిరిగి వచ్చేశాను. ఆయన పోయారని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

ఇక సింగపూరు సంగతి. ఇక్కడికి లెక్కలు చెప్పడానికి వచ్చి టాంపినీస్‌లో స్థిరపడ్డాను. ప్రతి ఆదివారం మా బ్లాక్ కింద ఉన్న గదిలో పిల్లలకు తెలుగు చెబుతాను. పదకొండు మంది వస్తారు. కొడుకు వాళ్ళు బెడోక్‌లో ఉంటారు, అక్కడి నుంచి మా మనవరాలు కూడా బస్సులో వస్తుంది. రోకలి గురించి ఒక పాఠం చెబుతుంటే పదేళ్ళ ఈ పిల్ల చెయ్యెత్తింది.

"తాతా, దిస్ రోకలి, యూ గాట్ యూజ్ బిఫోర్ ఆర్ నాట్?"

"లేదు. మా అమ్మ వాడేది."

"దెన్ వై వీ మస్ట్ లెర్న్? మై హౌస్ ఆల్సో డోంట్ హ్యావ్ లా."

ఆ రోజు ఆకుపచ్చ సిరా ఒకసారి కళ్ళముందు మెదిలింది. నేను మళ్ళీ మంచు పద్యమే చెబుతున్నానని అర్థమైంది, ఈసారి తెలుగులో.

కొద్ది రోజులకే బూన్ లేలో ఒక పిల్లాడికి ట్యూషన్ చెప్పి బస్సు కోసం నిలబడ్డాను. షిప్‌యార్డు డ్రెస్సుల్లో ముగ్గురు తెలుగువాళ్ళు నేల మీద కూర్చున్నారు. అందులో ఒకతను, నలభై దాటినవాడు, టిఫిన్ డబ్బా మూత గుండెకు ఆనించుకుని వేళ్ళతో కొడుతున్నాడు. నా కాళ్ళు నన్ను అడగకుండానే అటు వెళ్ళాయి.

"అవి తప్పెటగుళ్ళే కదా?"

అతను మూత వెనక్కి దాచేశాడు. "ఏదో పొద్దు పోక అండి. ఎవులికీ సెప్పకండి."

"ఏ ఊరు బాబూ?"

"పలాస అవతలండి. తమరిదేటండి?"

"విజయనగరం దగ్గర."

"అవునేటి? మాటలో తెలీడం నేదు."

అదీ గుర్తుంది నాకు. సరే. వాళ్ళ నాన్న బృందానికి పెద్ద అట. గుళ్ళు తెచ్చుకున్నావా అని అడిగితే నవ్వాడు. "ఎక్కడ తెత్తానండి. పెట్టెలో ఆవకాయకే సోటు సాల్నేదు."

నేను మర్నాడే బిస్కెట్ల డబ్బా మూతలు నాలుగు సంపాదించాను. ఆ ఆదివారం అతను మా క్లాసుకు వచ్చాడు. రైలు దిగి వచ్చి, గది బయట చెప్పులు విడిచి, గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మూతలు గుండెకు కట్టుకున్నాక మాత్రం గది సరిపోలేదు, బ్లాక్ కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లోకి రావాల్సి వచ్చింది. పిల్లలు అతని వెనక గుండ్రంగా తిరిగారు. పైనుంచి ఒక చైనా మామ్మ దిగి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. లెక్కలు చెప్పేటప్పుడు ఎవరూ కుర్చీ వేసుకోలేదు.

అక్కడి నుంచి నాటకం పుట్టింది. పిల్లలే రాశారు, వాళ్ళ బ్లాక్ గురించి. నాలుగో అంతస్తులో ఆగని లిఫ్టు ఉంది. తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇది నాది అని బల్ల చోప్ చేసుకుంటే ఆ ప్యాకెట్ ఎత్తుకుపోయే మైనా పిట్ట ఉంది. నాటకం వాళ్ళు మాట్లాడే తెలుగులోనే ఉంది, మాట చివర తగిలించే 'లా' తో సహా. తప్పెటగుళ్ళు దానికి దరువు. మొత్తం పదిహేను నిమిషాలు. ఉగాది వేదిక మీద ఆ పదిహేను నిమిషాలు ఇవ్వమని సంఘానికి ఉత్తరం రాశాను.

జవాబు లేదు. వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం గీతలు వచ్చాయి. నీలం గీతలు జవాబు కావు. మొత్తం తొమ్మిది ఉత్తరాలు. ఎదురుపడితే కార్యదర్శి, "చూద్దాం అంకుల్" అంటాడు. రెండేళ్ళుగా చూస్తున్నాడు. అతనికి ఏం కనబడుతోందో నాకు తెలియదు.

పోయిన నెల సర్వసభ్య సమావేశానికి వెళ్ళి, బల్ల మీద కార్యక్రమాల కాగితం ఉంటే దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాను.

"ఇదేంటి అంకుల్?"

"చోప్ చేస్తున్నాను. పదిహేను నిమిషాలు."

అందరూ నవ్వారు. ఇంతలో సంఘం అధ్యక్షుడు ఆ ప్యాకెట్ విప్పి ముక్కు తుడుచుకున్నాడు. ఈ ఊళ్ళో చోప్ చేసిన టిష్యూను పరాయివాడు ముట్టుకోడు. మైనా పిట్ట తప్ప.

ఆ తరవాత కార్యదర్శి నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"అంకుల్, అర్థం చేసుకోండి. గెస్టులు వస్తారు. డబ్బా మూతలు కొడుతుంటే ఏం బాగుంటది? ఒక మంచి సినిమా పాట తీసుకోండి, ఫైవ్ మినిట్స్ ఇప్పిస్తా."

"ఆ వాయించే మనిషి మూడేళ్ళుగా మీ ఉగాదికి వస్తున్నాడు. తెలుసా?"

"ఎవరు?"

"కుర్చీలు సర్దేవాళ్ళలో ఎడమవైపు చివర ఉంటాడు."

"ఓ. చూద్దాం అంకుల్."

పోయిన ఆదివారం రిహార్సల్. నాటకంలో లిఫ్టు ఆగని అంతస్తులో ఒక తాత ఉంటాడని నాకు అప్పటిదాకా చెప్పలేదు. మా మనవరాలు వచ్చింది. జేబులో మూడు పెన్నులు. చంకలో గొడుగు, నాదే. నన్ను అడగకుండా తీసుకుంది.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఇక్కడ ఇన్‌చార్జ్ ఎవరు?" అంది. లిఫ్టుకు ఒక ఉత్తరం రాసింది. మైనా పిట్టకు ఒకటి రాసింది. వానకు ఒకటి రాసింది. పిట్ట తిరుగు టపా పంపలేదని దానికి రిమైండర్ రాసింది. ప్రతి సంతకానికీ ఆ పలాస మనిషి మూత మీద ఒక్క దెబ్బ వేశాడు. అలా వేయమని ఎవరూ అతనికి చెప్పలేదు. టాంజానియా కథ అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు.

నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక అక్కడే కాగితం తీశాను. 'చిరంజీవి మనవరాలికి' అని రాసి ఆగిపోయాను. పిల్లలంతా నా వైపు చూస్తున్నారు. వాళ్ళకు భయం లేదు. నేను ఏం చేస్తానా అని సరదా పడుతున్నారు, అంతే.

"తాతా, యూ యాంగ్రీ ఆహ్?"

"గొడుగు తలకిందులుగా పట్టుకున్నావు. నేను అలా పట్టుకోను" అన్నాను.

ఆ తరవాత కూర్చుని వాళ్ళందరికీ హెడ్మాస్టరు కథ చెప్పాను. వంటావిడ గురించి, మేకకు రాసిన ఉత్తరం గురించి, చివరికి టీ కప్పు దగ్గర ఆడిన అబద్ధం గురించి కూడా. పిల్లలు మేక దగ్గరే ఆగిపోయి నవ్వుకుంటున్నారు. మూతలు ఒళ్ళో పెట్టుకున్న మనిషి మాత్రం చివరిదాకా విన్నాడు.

"మరాయనకి నిజం సెప్పేరేటి మేస్టారూ?"

"లేదు. పోయారు."

ఒళ్ళో మూతలు సర్దుకున్నాడు. "అయితే ఉగాదికి సెప్పేద్దారండి. నాను వాయిస్తాను. గట్టిగా వాయిస్తే ఎంత దూరమైనా ఇనబడద్ది."

నేను ఇరవై రెండేళ్ళలో ఈ ఊళ్ళో విన్న జవాబుల్లో అదొక్కటే జవాబు.

ఇప్పుడు అసలు విషయం. ఉగాది ఆదివారం నాడు షిప్‌యార్డులో అతనికి డ్యూటీ పడింది. మార్చుకోవాలంటే ఇంకొకర్ని ఒప్పించి, వచ్చే శుక్రవారంలోగా సూపర్‌వైజరుకు చెప్పాలి. మార్చుకుంటే తన సెలవు రోజు ఇంకొకరికి ఇవ్వాలి, వేదిక ఇస్తారో లేదో తెలియకుండా దాన్ని పాడుచేసుకోలేడు. తెలిసేదాకా ఆగితే సెలవు దొరకదు. కుర్చీలు సర్దడానికి ఇంకెవరైనా దొరుకుతారు. తప్పెటగుళ్ళు వాయించడానికి ఈ ద్వీపంలో నాకు తెలిసి అతనొక్కడే ఉన్నాడు. ప్రతి సాయంత్రం ఫోన్ చేస్తాడు. "ఒచ్చిందేటి మేస్టారూ జవాబు?" అని అడుగుతాడు. రాలేదు బాబూ అంటాను. "పర్నేదండి" అని పెట్టేస్తాడు. ఆ 'పర్నేదండి' నేను ఇంక వినదలుచుకోలేదు.

అచ్చుకు వెళ్ళే ముందు ఈ నాలుగు పేజీలూ కార్యదర్శి చదవాలి. చదవకుండా ఉండే వీల్లేదు, సింహాల కోసమైనా చదువుతాడు. కాబట్టి బాబూ, ఇక్కడి దాకా వచ్చావు గనక నిన్నే అడుగుతున్నాను. ఇస్తానంటే ఇస్తానను. ఇవ్వనంటే ఇవ్వనను, ఎందుకో చెప్పు, నేను దానికీ ఒక ఉత్తరం రాస్తాను. చూద్దాం అనకు. నీలం గీతలు పెట్టకు. మడతపెట్టిన కాగితం మీద, ఏ రంగు సిరాతోనైనా సరే, శుక్రవారం లోపల జవాబు రాయి.